ఎవరిదీ కాని భూమి ఎక్కడుంది?

(కాశీబుగ్గలో జరిగిన కార్యకర్తల తరగతిలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగం. ఫోనులో రికార్డు చేసి, మాట్లాడింది మాట్లాడినట్టే రాసుకున్నాం.)



నాకిచ్చిన అంశం భూమి. భూమి గురించి మీకు చెప్పేటంత మొనగాణ్ని కాదు. ఇక్కడ కూచున్నవాళ్లలో సగం మంది చేతుల మీద జీడి సొన మచ్చలున్నాయి. మిగతావాళ్లలో కొబ్బరిచెట్టెక్కి దిగిన కాళ్లు చాలా ఉన్నాయి. అంచేత భూమి గురించి కాదు, భూమి నాదని చెప్పటం అనే పని గురించి మాట్లాడతాను. ఆ మాట ఎవరు చెబితే చెల్లుతుంది, ఎవరు చెబితే చెల్లదు అన్నదే ఈ పూట పాఠం.

మొన్నామధ్య మన కుర్రాడొకడు టీ కొట్టు దగ్గర అడిగాడు. "మాస్టారూ, ఆ నిత్యానంద సామి సొంత దేశం పెట్టేసాడంట గదా! పాస్‌పోర్టు ఇస్తన్నాడంట, బేంకు పెట్టాడంట. మనకేటి తక్కువ? మన పేటకి కూడా దేశం అని బోర్డు కట్టేద్దుమా? తాసిల్దారాఫీసు చుట్టూ తిరిగే పీడ వదిలిపోద్ది." అందరూ నవ్వారు. నవ్వులాటకి అన్నా ప్రశ్న మంచిది. దేశం పెట్టాలంటే ఏం కావాలి?

1933లో దక్షిణ అమెరికాలోని మాంటెవిడియోలో అమెరికా ఖండాల దేశాలు కూచుని ఒక ఒప్పందం రాసుకున్నాయి. దేశమంటే నాలుగుండాలన్నాయి. స్థిరంగా ఉండే జనం, గిరి గీసిన నేల, ఒక ప్రభుత్వం, మిగతా దేశాలతో వ్యవహారం నడిపే శక్తి. ఈ నాలుగూ చదివి, నాకూ ఉన్నాయి కదా అని లేచినవాళ్లు ప్రపంచంలో చాలామందున్నారు. ఇంగ్లండు పక్క సముద్రంలో, యుద్ధకాలంలో తుపాకులు పెట్టటానికి కట్టి వదిలేసిన మంచె ఒకటుంది. 1967లో ఒక మాజీ సైనికాధికారి దానిమీదికెక్కి "సీలాండ్" అని దేశం ప్రకటించాడు. ఆస్ట్రేలియాలో ఒక రైతు గోధుమల కోటా దగ్గర ప్రభుత్వంతో తగువొచ్చి, 1970లో తన పొలమే వేరే దేశమన్నాడు. తను రాకుమారుడయ్యాడు. యాభై ఏళ్లు నడిపారు. పన్ను బకాయిలు పెరిగిపోయి, 2020లో ఆ దేశాన్ని రద్దు చేసుకున్నామని వాళ్లే చెప్పారు. మొన్న 2025 జులైలో ఢిల్లీ పక్కన ఘజియాబాదులో ఒకతను అద్దె ఇంట్లో రాయబార కార్యాలయమే పెట్టేశాడు. ఎక్కడో అంటార్కిటికాలో ఉందని చెప్పుకునే దేశానికి ఇతను రాయబారి! కార్లకి నీలం నంబరు పలకలు, గోడమీద మంత్రుల పక్కన నిలబడ్డట్టు మార్చిన ఫోటోలు. పోలీసులు పట్టుకెళ్లారు.

ఇంతవరకూ వినోదం. ఇకనుంచి వినోదం కాదు.

నిత్యానంద సంగతి చూడండి. మీద అత్యాచారం కేసుంది. 2019లో దేశంలో లేడని తెలిసింది, ఆ ఏడాదే కైలాస అనే దేశం పెట్టానన్నాడు. 2023 జనవరిలో అమెరికాలో నెవార్క్ అనే నగరం ఆ కైలాసతో సోదర నగరమని సంతకం పెట్టి, అలాంటి దేశమే లేదని తెలిసి రద్దు చేసుకుంది. ఆ ఫిబ్రవరిలో వాళ్ల ప్రతినిధులు జెనీవాలో ఐక్యరాజ్యసమితి కమిటీల బహిరంగ చర్చలో మాట్లాడారు. దాన్ని లెక్కలోకి తీసుకోబోమని సమితి చెప్పాల్సొచ్చింది. అదే ఏడాది పరాగ్వే దేశంలో ఒక అధికారి వాళ్లతో ఒప్పందం మీద సంతకం పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇవన్నీ కాగితం మీద ఆటలే. కానీ ఆకాశంలో ఎంతకాలం కూచుంటారు? నేల కావాలి. నేల కోసం ఎవరి దగ్గరకెళ్లారో గమనించండి. ఏ పెద్ద పట్నంలోనూ కోటీశ్వరుడి స్థలం అడగలేదు. బొలీవియాలో అమెజాన్ అడవుల ఆదివాసుల దగ్గరకెళ్లారు. 2025 మార్చిలో బయటపడిందిది. బౌరే అనే తెగవాళ్లతో మాట్లాడింది పాతికేళ్ల కౌలు అంట. ఏడాదికి రెండు లక్షల డాలర్ల దాకా ఇస్తామన్నారంట. తెచ్చిన ఇంగ్లీషు కాగితంలో మాత్రం వెయ్యేళ్లని ఉందంట, పైనున్న ఆకాశం, కింద ఉన్న ఖనిజం కూడా కలిపి. బొలీవియా ప్రభుత్వం ఆ ఒప్పందాలు చెల్లవంది. కైలాస తాలూకు ఇరవైమందిని దేశంలోంచి పంపేసింది.

వాళ్లకి రాని భాషలో రాసిన కాగితం, వెయ్యేళ్ల కౌలు. మీకెవరికైనా ఇది కొత్తగా ఉందా? మన పక్కన మన్యంలో సవరల భూములు షావుకార్ల చేతికి ఏ కాగితాలమీద పోయాయో ఇక్కడి పెద్దలకి నేను చెప్పక్కర్లేదు.

ఇంకో కథ. ఈజిప్టుకీ సూడానుకీ మధ్య ఎడారిలో బీర్ తావిల్ అనే చోటుంది. రెండు వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. 1899లో ఇంగ్లీషువాళ్లు స్కేలు పెట్టి ఒక గీత గీశారు, 1902లో ఇంకో గీత గీశారు. మొదటి గీత ప్రకారమైతే సముద్రం పక్కనున్న హలాయిబ్ అనే మంచి భూమి ఈజిప్టుకొస్తుంది. రెండో గీత ప్రకారమైతే సూడానుకొస్తుంది. బీర్ తావిల్ సరిగ్గా దానికి తిరగబడి ఉంది. అంచేత ఈజిప్టు మొదటి గీతే సరైందంటుంది, సూడాను రెండోదే సరైందంటుంది. హలాయిబ్ కోసం ఇద్దరూ తగువాడతారు, బీర్ తావిల్ నాదని ఇద్దరూ అనరు. రెండు దేశాలూ వద్దన్న నేల!

2014లో ఒక అమెరికావాడు అక్కడ జెండా పాతాడు. ఎందుకయ్యా అంటే, కూతురు రాకుమారిని అవుతానందంట. 2017లో మన ఇండోరు కుర్రాడొకడు కారు వేసుకుని వెళ్లాడు, విత్తనం నాటి, నీళ్లు పోసి, "దీక్షిత్ రాజ్యం" అని ప్రకటించాడు. నేను రాజునన్నాడు. మా నాన్న అధ్యక్షుడన్నాడు. అతని న్యాయం ఏమిటంటే, పూర్వకాలం నుంచీ పంట వేసినవాడిదే భూమి, నేను విత్తనం వేశాను కాబట్టి నాదే అని.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. సరదా పడ్డాడు. కానీ ఆ న్యాయం ఎంత బాగుందో చూడండి! ఒక పూట కారులో వెళ్లి రెండు గింజలు నాటినవాడు రాజైతే, మూడు తరాలుగా ఉద్దానంలో పరాయి చేలో ఊడ్చి, కలుపు తీసి, కోసి, కల్లంలో నూర్చిన మా అమ్మ ఏమవ్వాలి? అదే మాట మనం అంటే ఆక్రమణ అంటారు. గ్రామసేవకుడొచ్చి పాక పీకమంటాడు. దీక్షితు అంటే పేపర్లో బొమ్మ వేస్తారు.

ఇంకొకటి గమనించాలి. "బీర్ తావిల్" అంటే అరబ్బీలో పొడుగు బావి అని అర్థం. పేరులోనే బావి ఉంది. ఎవరూ లేనిచోట బావి ఎవరు తవ్వారు? అబాబ్దా, బిషారీ అనే తెగలవాళ్లు ఒంటెలు, మేకలు తోలుకుని తరతరాలుగా అటు తిరుగుతారు. 1902లో ఇంగ్లీషువాడు గీత మార్చిందే ఆ అబాబ్దాల మేత నేల అని తెలిసి. గీత గీసినవాడికి తెలుసు. జెండా పాతినవాళ్లకే కనపడలేదు. "ఎవరిదీ కాని భూమి" అని ఎవరైనా అంటే అక్కడ మనుషులు లేరని అర్థం కాదు. ఉన్నవాళ్లు లెక్కలోకి రారని అర్థం.

మన భాషలో దానికి మాట ఉంది. పోరంబోకు. తమిళం నుంచొచ్చిన మాట. శిస్తు లెక్కకి బయట ఉంచిన నేల అని. శ్మశానం, బాట, చెరువుగట్టు, పశువుల మేత నేల, ఎవరి సొంతమూ కానిదీ అందరికీ పనికొచ్చేదీ. ఆ మాటే ఇవాళ తిట్టయింది. పనికిమాలినవాణ్ని పోరంబోకు వెధవ అంటారు. భూమిని అన్నమాట మనిషి మీదికొచ్చింది. ఏ మనిషి మీదికొచ్చిందో మీకు తెలుసు. ఊరికి బయట ఎవర్ని ఉంచారో వాళ్లమీదికే.

మరి దేశాలు కాగితం మీద పుట్టటం మనకి కొత్తా? మందస, తర్లా, టెక్కలి, పర్లాకిమిడి అంతా జమీందార్లే కదా. 1802లో కుంపిణీవాడు శాశ్వత పైకమని రాసిచ్చిన కాగితం మీద ఈ రాజులు రాజులుగా నిలబడ్డారు. వాళ్లకి కోట, బంట్రోతులు, వాళ్ల న్యాయం వాళ్లదే. అడవిలో కట్టెపుల్ల కూడా దొరగారిదే. 1940లో ఉద్దానం రైతులు మందస జమీందారు మీద తిరగబడ్డారు. పలాసలో ఆ మార్చిలోనే అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపితే గున్నమ్మ, మరికొందరు చచ్చిపోయారు. ఆమె గర్భవతి. వీర గున్నమ్మ అని మనమందరం దండలు వేస్తాం. ఆ తగువు మొదలైంది కట్టెల దగ్గర అని పిల్లలకి చెప్పండి. 1948 చట్టంతో జమీలు పోయాయి. రాజుగారి భూమి సర్కారుదయింది. సర్కారుది మనదయిందా అన్నది వేరే ప్రశ్న.

బీల సంగతి దానికి జవాబు. సోంపేట బీలలో ఏడాది పొడుగునా నీరుంటుంది. చేపలు, పశువులకి గడ్డి, చుట్టుపక్కల వరిచేలకి తడి. 2008లో దాన్ని కరెంటు కంపెనీకి రాసిచ్చినప్పుడు కాగితాల్లో అది ఎందుకూ పనికిరాని నేల. రైతులు, మత్స్యకారులు, మన పేటలవాళ్లు అందరూ కలిసి అడ్డం నిలబడ్డారు. 2010 జులై 14న కాల్పులు. ప్రాణాలు పోయాయి. అదే రోజు పర్యావరణ అప్పీళ్ల అథారిటీ ఆ కంపెనీకిచ్చిన అనుమతి రద్దు చేసింది. మరుసటేడు ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో తంపర భూముల దగ్గర కూడా అదే జరిగింది. మళ్లీ తూటాలు, మళ్లీ చావులు. ఇప్పుడు విమానాశ్రయం మాటొచ్చింది, మందస, వజ్రపుకొత్తూరు వైపు జనం మళ్లీ సభలు పెట్టుకుంటున్నారు. జెండా పాతి నాదన్న ఇండోరు కుర్రాడికీ, బీల పనికిరాని నేలన్న ఆఫీసరుకీ తేడా ఏమిటి? కుర్రాడి వెనక తుపాకి లేదు, అంతే.

ఇక్కడ ఒకమాట మనలో మనం చెప్పుకోవాలి. బీల ఉద్యమంలో మనం ముందు నడిచాం. కానీ బీల మిగిలాక అందులో మన వాటా ఏమిటని ఎన్ని సభల్లో అడిగాం? పొలం ఉన్నవాడికి నీళ్లు మిగిలాయి, వలున్నవాడికి చేపలు మిగిలాయి. కూలోడికి కూలి మిగిలింది. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో మన కొబ్బరినీ జీడినీ పడగొట్టాక కొబ్బరికి పరిహారం చెట్టు లెక్కన కట్టారు. చెట్టు ఎవరి పేరున ఉందని అడిగారు. చెట్టెక్కేవాడి పేరు అడగటానికి ఆ ఫారంలో గడే లేదు.

బీర్ తావిల్‌కి తిరగేసిన కథ మనకి దగ్గర్లోనే ఉంది. సాలూరు పైన కొటియా గ్రామాలు. ఇరవై ఒక్క ఊళ్లు. ఆంధ్రా నాదంటుంది, ఒడిశా నాదంటుంది. 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా మళ్లీ కోర్టుకెళ్లింది. రెండు ఓటు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఇద్దరు కలెక్టర్లు ఆ కొండెక్కి జనాన్ని బతిమాలుతారు. మావాళ్లు కొందరు ఈర్ష్యపడతారు, "మన పేట గురించి కూడా రెండు రాష్ట్రాలు కొట్టుకుంటే బాగుణ్ణు" అని! కానీ అక్కడ గిరిజనుడికి కొండపోడు మీద పట్టా ఎవరివ్వాలన్నదీ అంతే తగువు. ఇద్దరు యజమానులున్న ఇంట్లో పాలేరు గతి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న మనిషి దగ్గరకొస్తాను. ఎడ్డీ మాబో. పేరు గుర్తుపెట్టుకోండి. ఆస్ట్రేలియాకి ఉత్తరాన సముద్రంలో మేర్ అని చిన్న దీవి. అక్కడ పుట్టాడు. పొట్టకూటికి టౌన్స్‌విల్‌లో విశ్వవిద్యాలయం తోటలో మాలీగా చేరాడు. ఒకరోజు భోజనం దగ్గర ఇద్దరు చరిత్ర పంతుళ్లతో మాట్లాడుతూ, మా దీవిలో మా చెక్క ఉంది, మా తాతలనాటిది అన్నాడు. పంతుళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది నీది కాదయ్యా, చట్టం ప్రకారం ఇంగ్లండు రాణిగారిది అని చెప్పారు. తెల్లవాళ్లు ఆ ఖండంలో దిగినప్పుడు అది ఎవరిదీ కాని భూమి అని చట్టం అనుకుంది. వేల ఏళ్లుగా బతుకుతున్న జనం కళ్లముందున్నా సరే.

ఆ మాలీ ఊరుకోలేదు. దేశం పెట్టలేదు, జెండా పాతలేదు, రాజునని చెప్పుకోలేదు. 1982లో మరో నలుగురితో కలిసి కోర్టుకెక్కాడు. కేసు నడుస్తుండగా 1985లో రాష్ట్ర ప్రభుత్వం మీ హక్కులేవైనా ఉంటే అవి రద్దని చట్టమే చేసింది. దాన్ని 1988లో కొట్టేయించారు. సాక్ష్యం ఏం తెచ్చారనుకున్నారు? పట్టాలు లేవు. ముసలివాళ్లు లేచి, ఈ రాయి దగ్గర నుంచి ఆ చెట్టు దాకా ఫలానా కుటుంబం తోట, అక్కడ గట్టు ఇది, ఆ తాతనుంచి ఈ మనవడికి ఇలా వచ్చింది అని చెప్పారు. కోర్టువాళ్లు దీవికే వెళ్లి విన్నారు. పదేళ్లు. 1992 జూన్ 3న ఆస్ట్రేలియా హైకోర్టు, అంటే అక్కడ అదే పెద్ద కోర్టు, "ఎవరిదీ కాని భూమి" అన్న సిద్ధాంతం తప్పని తీర్పిచ్చింది. ఎడ్డీ మాబో వినలేదు. ఆ జనవరిలోనే కేన్సరుతో పోయాడు. అతని సొంత చెక్క మీద వారసత్వం విచారణలో నిలవలేదు కూడా. దీవి జనం హక్కు నిలిచింది. ప్రభుత్వం అప్పటికే అమ్మేసుకున్న భూముల్లో ఆ తీర్పు పనిచేయదు, అది కూడా తెలుసుకోండి. గెలుపుల్ని ఉన్నంతే చెప్పుకోవాలి.

మనవాళ్లు వేరే ఊరు అడగలేదా అని మీరంటారు. అడిగారు. 1942 జులైలో నాగపూరు మహాసభలో బాబాసాహెబ్ నాయకత్వంలో మనవాళ్లు వేరే గ్రామాలు కావాలని తీర్మానం చేశారు. 1947లో రాజ్యాంగం కోసం ఆయన రాసిచ్చిన పత్రంలో దానికి ఒక కమిషను వేయాలనీ, సాగవని సర్కారు భూములు దాని చేతిలో పెట్టాలనీ రాశాడు. చూడండి, దేశం వదిలిపోదామనలేదు. నీ దేశంలోనే నీ రికార్డులోనే నా ఊరు రాయి అన్నాడు. రాయలేదు. 1985లో కారంచేడులో చంపినప్పుడు మనవాళ్లు ఊరొదిలి చీరాల చేరి విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఇంటికి చోటు దొరికింది, తలెత్తుకు తిరిగారు. పొలం సంగతి?

లక్ష్మీపేట గురించి చెప్పకుండా కూచోలేను. అప్పుడది మన జిల్లాయే, వంగర మండలం. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం భూములు తీసుకుంది, డబ్బులు కట్టింది. మునగని భూమి రెండొందల యాభై ఎకరాల దాకా మిగిలింది. కాగితంలో సర్కారుది. నేలమీద ఎవరిది? డబ్బు పుచ్చుకున్న పాత ఆసాములు మాదే అన్నారు. మనవాళ్లు కొంత చేసుకుని పంట వేశారు. ఆ భూమి ఎవరికీ రాసివ్వకుండా ప్రభుత్వం అలా వదిలేసింది. 2012 జూన్ 12న ఐదుగురిని నరికి, కొట్టి చంపారు. చంపినవాళ్లు పెద్ద కులాలవాళ్లు కూడా కాదు, తూర్పు కాపులు, బీసీలు. బహుజన ఐక్యత అని మనం మాట్లాడేటప్పుడు ఆ ఐదు శవాలని దాటి మాట్లాడకూడదు.

ఎవరి పేరూ రాయని గడి ఎంత ప్రమాదమో చూశారు కదా. మన రెవెన్యూవాళ్ల దగ్గర దానికీ ఒక పేరుంది, చుక్కల భూములు. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పట్టాదారు పేరు రాయాల్సిన చోట ఆనాటి గుమాస్తా చుక్కలు పెట్టాడు. వందేళ్ల కిందటి చుక్క! దానికోసం 2017లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సొచ్చింది. డి-పట్టా భూములకి 1977 చట్టం ఉంది. కొన్నవాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకుని పేదవాడికివ్వాలని అందులో ఉంది. ఎన్ని వెనక్కొచ్చాయో మన మండలంలోనే లెక్క తీద్దాం. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే, ప్రభుత్వం మారాక కొంత ఆగి మళ్లీ నడుస్తోంది. కొత్త కొలతలు, కొత్త నంబర్లు. ఆ రోజు పొలంలో నువ్వు లేకపోతే నీ గట్టు పక్కవాడి గట్టవుతుంది. కూలికెళ్లాను, తెలవలేదు బావూ అంటే రికార్డు వినదు.

అంచేత ఆ తమ్ముడికి నా జవాబు: బోర్డు కట్టు, నాకభ్యంతరం లేదు. దానిమీద దేశం పేరు బదులు సర్వే నంబర్లు రాయి. పేటలో ఎవరు ఏ చెక్క ఎన్నేళ్లుగా చేస్తున్నారో, ఏ మేత నేలలో ఎవరి పశువులు తిరుగుతాయో రాయి. వచ్చే ఆదివారం పదింటికి అందరం మళ్లీ ఇక్కడే కలుస్తాం. డి-పట్టా, శిస్తు రసీదు, ఇంటిపన్ను రసీదు, అడంగల్ నకలు, చెదలు తిన్నదైనా సరే, ఏదుంటే అది తీసుకురండి. కాగితం లేనివాళ్లు కాగితం లేదని ఆగిపోకండి. డెబ్భై దాటిన తాతల్నీ అప్పల్నీ వెంటపెట్టుకుని రండి. ఏ రాయి నుంచి ఏ చెట్టు దాకా అని వాళ్లు చెబుతుంటే ఇద్దరు చదువుకున్న పిల్లలు తారీకు వేసి రాసుకుంటారు. వేలిముద్ర సిరా నేను తెస్తాను. గ్రామసభలో రీసర్వే జాబితా చదివేలోపు మన జాబితా తయారుగా ఉండాలి. చుక్కలున్న నకలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇప్పుడే పేరు చెప్పి వెళ్లండి, ముందు వాళ్లవి చూద్దాం.